అమ్మకు చెరువు చూపించాలి: బెంగళూరులో చక్రాల కుర్చీ వెళ్ళే గట్లు ఎక్కడున్నాయి?

కంభం పిల్ల | శనివారం, రాత్రి 9.14

అందరికీ నమస్కారం. మాది ఉమ్మడి ప్రకాశం జిల్లా కంభం. పెళ్ళయి బెంగళూరు వచ్చి పందొమ్మిదేళ్ళు. అమ్మకు డెబ్బై నాలుగు. కిందటి ఏడాది పక్షవాతం వచ్చి ఎడమ కాలూ చేయీ పట్టు తప్పాయి. ఊళ్ళో చూసుకునేవాళ్ళు లేక మా దగ్గరికి తెచ్చుకున్నాం. తొమ్మిదో అంతస్తు ఇల్లు.

అమ్మ ఏదీ నోరు తెరిచి అడిగే మనిషి కాదు. ఒక్కటే అడిగింది, "ఇంత పెద్ద ఊళ్ళో చెరువు లేదా?" అని. కంభం చెరువు చూసినవాళ్ళకు ఆ ప్రశ్న అర్థమవుతుంది. కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డుకట్ట వేసి కట్టినది. విజయనగర రాకుమారి వరదరాజమ్మ కట్టించిందని మా ఊళ్ళో పసిపిల్లలు కూడా చెబుతారు. అమ్మకు పుట్టిల్లూ మెట్టినిల్లూ రెండూ ఆ కట్టకు నడక దూరమే.

పోయిన ఆదివారం మా ఇంటి దగ్గరి చెరువుకు తీసుకెళ్ళాను. పేరు చెప్పను, గొడవలు వద్దు. పెద్ద గేటుకు తాళం. పక్కన మనుషులు వెళ్ళడానికి ఇనుప గొట్టాలతో వంకర దారి పెట్టారు, స్కూటర్లు లోపలికి రాకుండానట. అమ్మ కుర్చీ వెడల్పు ఇరవై ఆరు అంగుళాలు. మొదటి మలుపు దాకా వెళ్ళింది. అక్కడ ముందు చక్రం గొట్టానికి తగిలి ఆగిపోయింది. వెనక్కి లాగబోతే పాదాలు ఆనించే పలక కింది గొట్టంలో ఇరుక్కుంది. నడకకు వచ్చినవాళ్ళు మా వెనక వరుసగా నిలబడ్డారు. ఒక్కరూ విసుక్కోలేదు, ఒక్కరూ ముందుకు రాలేదు. కాపలా ఆయన మంచివాడే. పెద్ద గేటు తాళంచెవి సూపర్‌వైజర్ దగ్గర ఉందనీ, ఆయన పది గంటలకు గానీ రాడనీ చెప్పాడు. అప్పుడు టైము ఆరున్నర.

అమ్మ చువ్వల సందులోంచి కాసేపు చూసి, "కనిపించింది లేవే. నీళ్ళే కదా. పద" అంది.

బెంగళూరులో గానీ, గంట ప్రయాణంలో గానీ మాకు పనికొచ్చే చెరువులు చెప్పండి. అందమైన పది చెరువులంటూ రాసిన వ్యాసాలు చదివి చదివి విసిగిపోయాను. పక్షుల పేర్లన్నీ రాస్తారు, గేటు వెడల్పు మాత్రం ఒక్కరూ రాయరు.

మోకాళ్ళ మూర్తి | శనివారం, రాత్రి 9.52

అమ్మా, లాల్‌బాగ్ ఉండగా కంగారు ఎందుకు? 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన తోట, ఇప్పుడు 240 ఎకరాలు. లోపలివి కారు పట్టేంత తారుదారులు. దక్షిణం వైపు నిండుగా చెరువు, ఒడ్డున నీడ. నడవలేనివాళ్ళ కోసం బ్యాటరీ బండ్లు తిరుగుతుంటాయి, టికెట్టు కొనుక్కోవాలి. మెట్రోలో వస్తే లాల్‌బాగ్ స్టేషన్‌లో లిఫ్టు ఉంది, పడమటి గేటు అక్కడికి దగ్గర.

రెండు జాగ్రత్తలు. జనవరి 26, ఆగస్టు 15 పూల ప్రదర్శనల రోజుల్లో వెళ్ళవద్దు, కుర్చీ చక్రం పెట్టడానికి కాదు కదా, కాలు పెట్టడానికే చోటు ఉండదు. రెండోది ఆ బండ. పైన కెంపేగౌడ బురుజు కనిపిస్తుంటే ఎక్కాలనిపిస్తుంది. మూడు వందల కోట్ల ఏళ్ళ నాటి రాయి. నేను దాని వయసును గౌరవించి కింది నుంచే నమస్కారం పెట్టి వస్తాను. నాకు రెండు మోకాళ్ళూ అరిగాయి.

నా బాధ కూడా ఇక్కడే చెప్పుకుంటాను. చెరువుల దగ్గర సిమెంటు బెంచీలు వేస్తారు. వాటికి చేతులు ఆనించే కడ్డీలు ఉండవు. కూర్చోవడం తేలికే. లేచేటప్పుడు పక్కన తెలియనివాడి భుజం పట్టుకోవాల్సి వస్తుంది. ఇలాగే ముగ్గురు స్నేహితులయ్యారు నాకు.

కోలారు కోడలు | శనివారం, రాత్రి 10.20

శాంకీ చెరువుకు వెళ్ళండి వదినా. మల్లేశ్వరానికీ సదాశివనగర్‌కూ మధ్య. 1882లో కర్నల్ శాంకీ అనే ఇంజనీరు కట్టించాడు. చుట్టూ 1.7 కిలోమీటర్ల బాట, వేసిన బాటే, మట్టి కాదు. టబెబుయా చెట్లు పూసిన రోజుల్లో వెళితే ఆ గులాబి రంగు నీళ్ళలో కనిపిస్తుంది. హలసూరు చెరువు ఇంకా పెద్దది, 123 ఎకరాలు, కానీ ఒక వైపు సైన్యం స్థలం కాబట్టి పూర్తి చుట్టు తిరగడం కుదరదు.

నడకకు రెండూ చాలా బాగుంటాయి.

బండికట్టిన బాబు | శనివారం, రాత్రి 11.05

గేటు కొలిచారా?

కోలారు కోడలు | శనివారం, రాత్రి 11.09

నడకకు వెళ్ళినవాళ్ళు గేటు ఎందుకు కొలుస్తారండీ?

బండికట్టిన బాబు | శనివారం, రాత్రి 11.31

అదేనండీ నేను అనేది. కోపం లేదు. ప్రమాదం జరిగి పన్నెండేళ్ళుగా కుర్చీలోనే ఉన్నాను. దారి ఎలా ఉందని నడిచేవాళ్ళను అడిగితే ఎప్పుడూ బాగుందనే చెబుతారు. వాళ్ళు అబద్ధం చెప్పరు. రెండు అంగుళాల గడప వాళ్ళ కాలికి తెలియదు, అంతే. నా ముందు చక్రానికి అది గోడ.

అక్కా, పేరున్న చెరువైనా పేరులేని కుంటైనా, ముందు ఒక్కరే వెళ్ళి నాలుగు చోట్ల చూడండి. మొదటిది గేటు, దాని సంగతి మీకు తెలిసింది. రెండోది గేటు నుంచి కట్ట మీదికి ఎక్కే వాలు. 2021లో వచ్చిన మన ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు వాలు ఉండాలి. చాలా చోట్ల ఒక అడుగుకు నాలుగైదు అడుగులతో సరిపెట్టేస్తారు. ఎక్కించేటప్పుడు తోసేవాళ్ళ నడుము పోతుంది, దించేటప్పుడు కుర్చీ పారిపోతుంది. దించేటప్పుడు వెనక్కి తిప్పి దించండి, ఇది మరిచిపోవద్దు.

మూడోది అలుగు, అంటే నిండిన చెరువు నీళ్ళు పొర్లి బయటికి పోయే చోటు. ఎవరూ చెప్పని సంగతి ఇదే. చెరువు చుట్టూ బాట అద్దంలా ఉంటుంది, సరిగ్గా అలుగు దగ్గర తెగుతుంది. అక్కడ నాలుగు మెట్లో, ఇరుకు వంతెనో ఉంటుంది. అప్పటికి ముప్పావు వంతు తిరిగి ఉంటారు. మళ్ళీ అంతా వెనక్కి. నాలుగోది మరుగుదొడ్డి. ఉందా అని అడగవద్దు, తాళం తీసి ఉంటుందా అని అడగండి.

మాంచెస్టర్ మామయ్య | ఆదివారం, ఉదయం 6.48

రాత్రి చూడలేదు. ఇప్పుడు జయనగర్‌లో విశ్రాంత జీవితం, అంతకు ముందు ఇంగ్లాండులో పదకొండేళ్ళు ఉన్నాను. అక్కడ లేక్ డిస్ట్రిక్ట్ అని సరస్సుల సీమ ఉంది. కొండలు, గొర్రెలు, రాతిగోడలు, ఎడతెగని వాన. 1951లో దాన్ని జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. అక్కడ పొలాల గోడలు దాటడానికి చెక్కమెట్లు పెడతారు. మనిషి ఎక్కి దిగుతాడు, గొర్రె దాటలేదు. వాటిని స్టైల్ అంటారు. గొర్రెను ఆపడానికి పెట్టిన ఆ మెట్టే కుర్చీలో ఉన్నవాణ్ణీ, పిల్లల బండి తోసే తల్లినీ, మా మూర్తి గారినీ ఆపేస్తుంది. స్కూటరును ఆపబోయి కంభం వారి అమ్మగారిని ఆపినట్టే.

అందుకని ఆ ఉద్యానం వాళ్ళు అలాంటి మెట్లు లేని దారులను ఏరి ఒక వరుసగా పెట్టారు. పేరు 'మైల్స్ వితౌట్ స్టైల్స్'. ప్రతి దారికీ మూడింటిలో ఒక గుర్తు: అందరికీ, చాలామందికి, కొందరికి. అందరికీ అంటే ఎవరి సాయమూ లేకుండా సొంతంగా కుర్చీ తిప్పుకునేవాళ్ళు కూడా వెళ్ళగలిగేది. వాలు పదికి ఒకటి దాటదు, మధ్యలో ఆగడానికి చదును ఉంటుంది. చాలామందికి అంటే వెనక తోసే మనిషి కావాలి. కొందరికి అంటే గట్టివాళ్ళకే, రాళ్ళూ గుంతలూ ఉంటాయని ముందే చెప్పేస్తారు. నాకు నచ్చింది ఆ మూడో గుర్తు. ఇది మీకు కాదు అని తలుపు వేయడం లేదు, ఇలా ఉంది, మీ ఇష్టం అంటున్నారు.

టార్న్ హౌస్ అనే చోటు ఒకటి చెబుతాను. చిన్న సరస్సు, చుట్టూ చదునైన బాట. ఎగుడుదిగుడు దారిలో నడిచే బ్యాటరీ బండి అక్కడ దొరుకుతుంది. ప్రకృతి సహజమైన సరస్సు అనుకుని ఎంతో పరవశించిపోయాను. తీరా చూస్తే పందొమ్మిదో శతాబ్దంలో మూడు మడుగులకు కట్ట వేసి ఒకటి చేశారట. అంటే అదీ మన చెరువే! కెసిక్ ఊరి నుంచి థ్రెల్కెల్డ్ దాకా పాత రైలు దారి ఒకటుంది, దాదాపు అయిదు కిలోమీటర్లు. రైలు నడిచిన దారికి వాలు ఎక్కడుంటుంది? 2015 డిసెంబరు తుపానులో వంతెనలు కొట్టుకుపోతే బాగుచేసి 2020 డిసెంబరులో మళ్ళీ తెరిచారు. తెరిచేటప్పుడు కుర్చీలకు వీలుగా చూసుకున్నారు.

బండికట్టిన బాబు | ఆదివారం, ఉదయం 7.15

మామయ్య గారూ, ఆ మూడు గుర్తులు మనమూ పెట్టుకుందాం. బెంగళూరు చెరువులకు ఈ వేదికలోనే పట్టిక చేద్దాం. షరతు ఒక్కటే, కొలవకుండా ఎవరూ గుర్తు పెట్టకూడదు.

గట్టు కాపరి | ఆదివారం, ఉదయం 8.40

ఒక చెరువు సంరక్షణ బృందంలో ఆరేళ్ళుగా ఉన్నాను. మీ బాధ అర్థమైంది కానీ మా వైపు కూడా వినండి.

ఆ వంకర గేటు సరదాకు పెట్టలేదు. అది లేనప్పుడు రాత్రిళ్ళు బండ్లు కట్ట మీదికి వచ్చేవి. సీసాలు పగలగొట్టేవారు, భవనాల శిథిలాలు మూటలు కట్టి నీళ్ళలో పడేసేవారు. ఈ ఊళ్ళో చెరువు మిగలడమే అద్భుతం. ధర్మాంబుధి చెరువు ఉన్నచోట ఇప్పుడు కెంపేగౌడ బస్టాండు. సంపంగి చెరువులో కంఠీరవ స్టేడియం. మిగిలినవి ఊరివాళ్ళు పట్టుబట్టి కూర్చుంటే మిగిలాయి. కైకొండ్రహళ్ళి అలా బాగుపడిందే. పుట్టెనహళ్ళిలో స్థానికులు 2010లో ట్రస్టు పెట్టుకుని చూసుకుంటున్నారు.

ఇక బాట. అందరికీ వీలుగా అనగానే మొదట వచ్చే ఆలోచన సిమెంటు. చెరువు చుట్టూ సిమెంటు పరిస్తే ఒడ్డు చచ్చిపోతుంది. నీరు ఇంకదు, గడ్డి మొలవదు, గట్టు బొరియల్లో ఉండే ప్రాణులు పోతాయి. జక్కూరు చూడండి, 160 ఎకరాల చెరువు. శుద్ధి చేసిన మురుగునీరు జమ్మూ తుంగా పెరిగిన మడుగుల గుండా వడపోసుకుని చెరువులోకి చేరుతుంది. అలాంటి చోట ఒడ్డును రోడ్డులా చేస్తే గూడకొంగలు ఎక్కడికి పోవాలి? చెరువంటే పార్కు కాదు.

బండికట్టిన బాబు | ఆదివారం, ఉదయం 9.02

సిమెంటు ఎవరు అడిగారు? ఈ వాదన విని విని చెవులు నొప్పి పుట్టాయి. మేము అడగనిది మా పేరున పోయడం, తర్వాత అది తప్పని మాకే చెప్పడం!

చదునుగా దిమ్మిస కొట్టిన మట్టి చాలు. సన్న రాతిపొడి కలిపి గట్టిగా కొడితే వాన నీరు ఇంకుతుంది, చక్రం దిగబడదు. గోళీ అంత గులకరాళ్ళు మాత్రం పోయవద్దు, వాటిలో కుర్చీ తోయడమంటే ఇసుకలో ఎడ్లబండి లాగినట్టు. గడ్డీ గూడకొంగా నాకూ కావాలి. నేను వచ్చేది వాటిని చూడటానికే. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం మాకు చెరువు చూసే హక్కు ఇచ్చింది, చెరువును చంపే హక్కు ఇవ్వలేదు.

చెవులే కళ్ళు | ఆదివారం, ఉదయం 10.30

నాకు చూపు లేదు. ఫోను చదివి పెడుతుంటే వింటున్నాను. మీ ఇద్దరూ చదును గురించి కొట్టుకుంటున్నారు. నాకు కావలసింది చదును కాదు, అంచు. బాటకు నీటి వైపు జానెడు ఎత్తున రాతి అంచు ఉంటే కర్రతో దాన్ని తాకుతూ ఒక్కణ్ణే చుట్టు తిరగగలను. మట్టి బాట మెల్లగా గడ్డిలో కలిసి, గడ్డి మెల్లగా నీళ్ళలో కలిస్తే, చూసేవాళ్ళకు అందం. నాకు ఎక్కడ ఆగాలో తెలియదు.

ఇంకొకటి. వంగిన కొమ్మలు. నా కర్ర నేల మీది రాయిని చెబుతుంది, నుదుటికి తగిలే కొమ్మను చెప్పదు. గట్టు కాపరి గారూ, చెట్టును కొట్టమనడం లేదు. బాట మీదికి వంగినవి ఆరున్నర అడుగుల ఎత్తు దాకా కత్తిరిస్తే చాలు.

చూపు లేనివాడికి చెరువులో ఏముందని మా ఆఫీసులో ఒకరు అడిగారు. తెల్లవారుజామున అలుగు పారే చోట నిలబడితే నీటి చప్పుడు ఎడమ నుంచి, నీటికాకుల రెక్కల చప్పుడు పై నుంచి, వెనక ఎక్కడో ఊరి చప్పుడు. బెంగళూరులో ఊరు వెనకబడినట్టు అనిపించే చోటు నాకు ఇంకొకటి లేదు. బాబు గారికి అలుగు అడ్డం, నాకు అదే గమ్యం. చూశారా!

చింటూ అమ్మ | ఆదివారం, ఉదయం 11.12

మా బాబుకు ఆటిజం. వాడికి చక్రాలు అక్కర్లేదు, నిశ్శబ్దం కావాలి. కంచె లేని నీరు మాత్రం భయం, చేయి వదిలించుకుని పరుగెత్తుతాడు. మామూలు రోజుల్లో తెల్లవారి వెళితే బాగుంటుంది. ఆదివారం మైకు పెట్టి వ్యాయామం చేయించే బృందాలుంటాయి, అటు పోకండి. పట్టికలో చప్పుడుకు కూడా ఒక గడి పెట్టండి.

పెన్నా ఒడ్డు | ఆదివారం, మధ్యాహ్నం 2.20

మాది నెల్లూరు. కాస్త దారి తప్పుతాను, క్షమించాలి. ఈ ఊళ్ళో చెరువులు ఒక్కొక్కటిగా చూడకూడదు, గొలుసుగా చూడాలి. పెద్ద నది లేని మెరక నేల కాబట్టి వాన నీటిని వాలు వెంట చెరువు తర్వాత చెరువుగా ఆపుకుంటూ వచ్చారు. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది. మధ్య కాలువను ఇక్కడ రాజకాలువ అంటారు. జక్కూరు నీళ్ళు రాచేనహళ్ళికి. కసవనహళ్ళి నీళ్ళు కైకొండ్రహళ్ళికి, అక్కడి నుంచి సౌల్ కెరెకు, బెళ్ళందూరుకు, వర్తూరుకు, చివరికి దక్షిణ పినాకినికి. మా పెన్న ఉత్తర పినాకిని. రెండూ నంది కొండల వైపే పుట్టాయి. ఒకటి అనంతపురం, కడప మీదుగా మా ఊరికి వచ్చింది, ఒకటి తమిళనాడు పోయింది. అంటే మీ అమ్మగారు చువ్వల సందులోంచి చూసిన నీళ్ళు మా నదికి చెల్లెలి వరస కావచ్చు.

కోలారు కోడలు | ఆదివారం, మధ్యాహ్నం 2.41

మా అత్తగారి ఊళ్ళో చెరువు నీటిని పొలాలకు వంతులు వేసి వదిలే మనిషిని నీరుగంటి అంటారు. కన్నడంలోనూ అదే మాట. ఇప్పుడు బెంగళూరు మురుగునీటినే శుద్ధి చేసి 2018 నుంచి మా కోలారు చెరువులకు పంపుతున్నారు. ఎండిపోయిన చెరువులు నిండాయని కొందరు, శుద్ధి సరిపోదని కొందరు. ఈ సంగతి ఎత్తితే మా ఇంట్లో భోజనాలు ఆగిపోతాయి.

వేదిక నిర్వాహకుడు | ఆదివారం, మధ్యాహ్నం 3.00

కోలారు నీటి చర్చకు వేరే అంశం తెరవండి, ఆ భోజనాలు అక్కడ ఆపుకోవచ్చు. ఇక్కడ కుర్చీ దారి గురించే.

గట్టు కాపరి | ఆదివారం, రాత్రి 8.17

కంభం పిల్ల గారూ, ఒక మాట. సూపర్‌వైజర్ పది గంటలకు వస్తాడన్నారు. వంకర దారికి రెండు మలుపులు, కింద పాదం ఎత్తున అడ్డగొట్టం. పొద్దున్నుంచి తొలుస్తోంది. ఆ గేటు మాదే అనుకుంటాను.

ఆ గొట్టాలు ఎంత దూరంలో బిగించాలో చెప్పింది నేనే. స్కూటరు పట్టకూడదని ఇరవై నాలుగు అంగుళాలు పెట్టించాను. కుర్చీ సంగతి అప్పుడు తోచలేదు. మీ అమ్మగారికి క్షమాపణ చెప్పండి. కానీ ఇప్పుడు వెడల్పు పెంచితే స్కూటర్లు వస్తాయి. ఏం చేయాలో నిజంగా తెలియక అడుగుతున్నాను.

బండికట్టిన బాబు | ఆదివారం, రాత్రి 9.40

ఇప్పుడు మంచి ప్రశ్న అడిగారు. పొద్దున కొంచెం గట్టిగా మాట్లాడాను, మనసులో పెట్టుకోకండి.

స్కూటరు హ్యాండిలు దాదాపు ఇరవై ఏడు అంగుళాలు. అక్క వాళ్ళ అమ్మగారి కుర్చీ ఇరవై ఆరు. కాబట్టి వెడల్పుతో ఈ రెండింటినీ వేరుచేయడం ఎవరి వల్లా కాదు. మీరు ఎంత ఇరుకు చేస్తే అంత మమ్మల్నే ఆపుతారు. తేడా పొడవులో ఉంది. కుర్చీ మూడున్నర అడుగులు, స్కూటరు దాదాపు ఆరు అడుగులు. దారి వెడల్పుగా మూడు అడుగులు ఉంచండి, మలుపు దగ్గర అయిదు అడుగుల చదరం వదలండి. కుర్చీ ఆ చదరంలో హాయిగా తిరుగుతుంది. ఆరు అడుగుల బండి తిరగదు. కింది అడ్డగొట్టం తీసేయండి, దానివల్ల ఎవరికీ లాభం లేదు.

మాంచెస్టర్ మామయ్య | ఆదివారం, రాత్రి 9.58

సరిగ్గా చెప్పాడు. అక్కడ కూడా గొర్రెల గేట్లలో పెద్దవి అలాగే కడతారు, కుర్చీ లోపల నిలబడి తిరిగేంత చోటు వదిలి.

కంభం పిల్ల | తర్వాతి ఆదివారం, మధ్యాహ్నం 12.35

ముందు లాల్‌బాగ్ సంగతి. బుధవారం వెళ్ళాం. మూర్తి గారు చెప్పినట్టే తారుదారులు, తోయడం కష్టం కాలేదు. చెరువు ఒడ్డున ఒక చెట్టు కింద కుర్చీకి చక్రాల కళ్ళెం వేసి గంటన్నర కూర్చున్నాం. ఒక లకుముకిపిట్ట ఎదురుగా కొమ్మ మీద కూర్చుని, నీళ్ళలో మునిగి, చేపతో పైకి వచ్చి, ఆ చేపను కొమ్మకేసి కొట్టింది. అమ్మ పనిచేసే చేత్తో నా మోకాలి మీద కొట్టి చూపించింది. పక్షవాతం తర్వాత ఆమె దేన్నయినా వేలెత్తి చూపించడం అదే మొదటిసారి. చాలాసేపటి తర్వాత, "బాగుంది. కానీ ఇది చెరువు కాదే, కుంట" అంది. కంభం మనిషికి ఎంత పెద్దది చూపించినా కుంటే.

శుక్రవారం ఉత్తరం వైపు ఒక చెరువుకు వెళ్ళాం. మట్టి కట్ట. ముందురోజు వాన పడింది. అది తప్పు. మట్టి చక్రానికి పట్టి, చక్రం నుంచి చట్రానికి పట్టి, చివరికి కుర్చీ బరువు రెండింతలైంది. రెండు వందల మీటర్లు వెళ్ళి తిరిగి వచ్చాం. పట్టికలో ఇలా రాసుకోండి: ఎండ రోజుల్లో చాలామందికి, వాన మర్నాడు ఎవరికీ కాదు. గేటు ముప్పై మూడు అంగుళాలు, గడప లేదు, కట్ట వాలు మాత్రం నిటారు. బాబు తమ్ముడు చెప్పినట్టు వెనక్కి తిప్పి దించాను.

టేపు ఎప్పుడూ సంచిలోనే ఉంటోంది. మావారు నన్ను మేస్త్రీ అని పిలుస్తున్నారు.

చెవులే కళ్ళు | తర్వాతి ఆదివారం, సాయంత్రం 5.10

ఆ చెరువులో అలుగు పారుతోందా?

కంభం పిల్ల | తర్వాతి ఆదివారం, సాయంత్రం 5.26

అంత దూరం వెళ్ళలేకపోయామండీ. ఈసారి విని చెబుతాను.

గట్టు కాపరి | మూడో శనివారం, రాత్రి 7.50

పని అయింది. వెల్డింగు మనిషి దొరకడానికే తొమ్మిది రోజులు పట్టింది. మలుపు అయిదు అడుగుల చదరం, దారి మూడు అడుగులు, కింది గొట్టం తీసేశాం. పెద్ద గేటు తాళంచెవి మారు ఒకటి చేయించి ఎదుటి టీ కొట్టులో వేలాడదీశాం. బృందంలో ఇద్దరు ఇంకా నా మీద కోపంగా ఉన్నారు, స్కూటర్లు వచ్చేస్తాయని. చూద్దాం. బాట మీద వంగిన కొమ్మలు కూడా కొట్టించాను. రెండు బెంచీలకు చేతికడ్డీలు వేయించమని అడిగాను, డబ్బు లేదన్నారు. మూర్తి గారు ఇంకొన్నాళ్ళు స్నేహితుల్ని సంపాదించుకోవాలి.

మోకాళ్ళ మూర్తి | మూడో శనివారం, రాత్రి 8.05

నాలుగోవాడు దొరికాడు ఇప్పటికే.

కంభం పిల్ల | మూడో ఆదివారం, ఉదయం 9.20

ఈ పొద్దున ఆరింటికి వెళ్ళాం. అమ్మ కుర్చీ మొదటి మలుపు తిరిగింది, రెండోది తిరిగింది, గొట్టానికి ఎక్కడా తగలలేదు. నేను మళ్ళీ టేపు తీసి కొలిచాను, అలవాటైపోయింది. అలుగు దాకా మట్టి బాట గట్టిగా ఉంది. అక్కడ మెట్లు మూడు, కాబట్టి అక్కడి నుంచి వెనక్కి. పట్టికలో చాలామందికి అని పెట్టండి. చెవులే కళ్ళు గారూ, అలుగు సన్నగా పారుతోంది, బొటనవేలి లావు ధార, చప్పుడు మాత్రం దానికి మించి ఉంది.

తిరిగి వస్తుంటే గేటులో గొడవ. ఒక కుర్రాడు స్కూటరు తోసుకుంటూ మొదటి మలుపులోకి దూరాడు, రెండో మలుపు తిరగలేక అడ్డంగా ఇరుక్కున్నాడు. ముందుకూ పోదు, వెనక్కీ రాదు. మేము ఇవతల ఆగిపోయాం. అతను హ్యాండిలు అటూ ఇటూ తిప్పుతూ చెమటలు కక్కుతున్నాడు. అమ్మ రెండు నిమిషాలు చూసి, "ముందు ఎడమకు తిప్పి, అప్పుడు వెనక్కి లాగు నాయనా. మేమూ ఇక్కడే ఇరుక్కున్నాం" అంది.

అతనికి తెలుగు రాదు. కానీ ఎడమకే తిప్పాడు.